అబ్జార్ప్షన్ శీతలీకరణలో మెంబ్రేన్ పొరలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కరెంటుతో కంప్రెసర్‌ను తిప్పకుండా, వేడినీటితోనో, నీటి ఆవిరితోనో, ఇంజను పొగతోనో చల్లదనాన్ని పుట్టించే అబ్జార్ప్షన్ యంత్రాలను పరిశ్రమల్లో పనిచేసేవారు వ్యామ్ (వేపర్ అబ్జార్ప్షన్ మెషీన్) అని పిలుస్తారు. ఇవి బరువైనవి, ఎత్తయినవి, ఒకసారి పునాది మీద కూర్చోబెడితే కదలనివి. వీటిలోని ముఖ్య భాగాలను పలుచని పాలిమర్ పొరల సాయంతో చిన్నవిగా చేయవచ్చా అన్న పరిశోధన చాలా ఏళ్లుగా సాగుతోంది. ఇంజినీరింగ్ విద్యార్థులు, ప్లాంటు నిర్వహణలో ఉన్నవారు, సౌరశక్తితో చల్లదనం గురించి ఆలోచించేవారు ఈ విషయంపై తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి.

అసలు అబ్జార్ప్షన్ యంత్రం ఎలా చల్లబరుస్తుంది?

ఏసీలకు వాడే యంత్రాల్లో నీరే శీతలకారిణి, లిథియం బ్రోమైడ్ ఉప్పు కలిపిన చిక్కటి ద్రావణం శోషకం. ఎవాపరేటర్‌లో పీడనాన్ని 0.87 కిలోపాస్కల్స్‌కు, అంటే వాతావరణ పీడనంలో నూరో వంతుకన్నా తక్కువకు దించితే, నీరు 5 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగి, తనకు కావలసిన వేడిని చుట్టూ ఉన్న గొట్టాల్లోని నీటి నుంచి లాగేసుకుంటుంది. చల్లబడిన ఆ నీరే భవనానికి వెళ్తుంది. పుట్టిన ఆవిరిని ఎప్పటికప్పుడు తొలగించకపోతే పీడనం పెరిగి మరగడం ఆగిపోతుంది కనుక, పక్కనే ఉన్న అబ్జార్బర్‌లో ఉప్పు ద్రావణం దాన్ని పీల్చుకుంటుంది. అలా పలచబడిన ద్రావణాన్ని పంపు జనరేటర్‌కు పంపుతుంది. అక్కడ 80 నుంచి 95 డిగ్రీల వేడి తగిలి నీరు ఆవిరై విడిపోయి, కండెన్సర్‌లో మళ్లీ ద్రవమై, ఎవాపరేటర్‌కు తిరిగి వస్తుంది. కంప్రెసర్ చేసే పనిని ఇక్కడ ఉప్పుకూ వేడికీ అప్పగించామన్నమాట.

ఇందులో మెంబ్రేన్‌కు చోటెక్కడ?

ఎక్కువగా రెండు చోట్ల. అబ్జార్బర్‌లో ద్రావణానికీ ఆవిరికీ మధ్య పొరను నిలబెడితే, ఆవిరి దాని రంధ్రాల గుండా దాటి ద్రావణంలో కలుస్తుంది, ద్రావణం మాత్రం తన కాలువలోనే ఉండిపోతుంది. జనరేటర్‌లో ఇదే పని తిరగబడుతుంది. వేడెక్కిన ద్రావణం నుంచి ఆవిరి మాత్రమే పొరను దాటి బయటికి వస్తుంది. రెండు ద్రావణ ప్రవాహాల మధ్య వేడిని మార్చే హీట్ ఎక్స్‌చేంజర్‌లో పొరకు పనేమీ లేదు. అక్కడ మామూలు పలకల ఎక్స్‌చేంజర్ చక్కగా సరిపోతుంది.

ఇంట్లో ఆర్‌వో ఫిల్టర్‌లో ఉండే పొరా, ఇదీ ఒకటేనా?

కాదు. ఆర్‌వో పొర దట్టమైనది, నీటిని ఇష్టపడేది, పీడనంతో ద్రవాన్ని తనలోంచి తోయించుకునేది. ఇక్కడ వాడే పొరలో 0.1 నుంచి 1 మైక్రోమీటర్ వరకు వెడల్పున్న రంధ్రాలు కోట్ల సంఖ్యలో ఉంటాయి. కానీ దాని పదార్థం నీటిని దూరంగా ఉంచుతుంది కాబట్టి ద్రవం లోపలికి దిగదు, ఆవిరి మాత్రం ఇటునుంచి అటు పోతుంది. ఈ రెండింటినీ ఒకదాని బదులు ఒకటి వాడడానికి వీల్లేదు.

రంధ్రాలున్న పొరలోంచి ద్రావణం కారిపోకుండా ఎలా ఆగుతుంది?

తామరాకు మీద నీటిబొట్టు పరుచుకోకుండా గుండ్రంగా నిలబడినట్టే, ఈ పొర రంధ్రం ముఖద్వారం దగ్గర ద్రవం ఉబ్బెత్తుగా నిలిచిపోతుంది. దాన్ని బలవంతంగా లోపలికి నెట్టాలంటే కొంత పీడనం కావాలి. ఆ హద్దును ద్రవ ప్రవేశ పీడనం అంటారు. ఒక మైక్రోమీటర్ వెడల్పున్న రంధ్రానికి, నీటి తలతన్యత మీటరుకు 0.072 న్యూటన్లు, స్పర్శకోణం (ద్రవపు అంచు పొర ఉపరితలంతో చేసే కోణం) 110 డిగ్రీలు అనుకుని లెక్క కడితే అది సుమారు 98 కిలోపాస్కల్స్ వస్తుంది. చిక్కటి లిథియం బ్రోమైడ్ ద్రావణం తలతన్యత నీటికన్నా ఎక్కువ కాబట్టి కొంచెం అదనపు భద్రతే దొరుకుతుంది.

ఈ అంకెను ప్లాంటులో ఉన్నవారు మరొక కోణంలో చూడాలి. మరమ్మతు కోసం ద్రావణం వైపు గాలికి తెరిచి, ఆవిరి వైపు శూన్యాన్ని అలాగే వదిలేస్తే, పొర మీద పడే తేడా 101 కిలోపాస్కల్స్. అంటే మనం లెక్కగట్టిన హద్దును ఒక్క వాల్వు తిప్పడంతో దాటేశామన్నమాట. పైగా హద్దును నిర్ణయించేది సగటు రంధ్రం కాదు, మొత్తం పొరలో అన్నిటికన్నా పెద్ద రంధ్రం. అందువల్ల శూన్యాన్ని విడిచేటప్పుడు రెండు వైపులా ఒకేసారి, నెమ్మదిగా విడవాలన్న నియమాన్ని యంత్రం రూపకల్పనలోనే పెట్టాలి తప్ప ఆపరేటరు జ్ఞాపకశక్తికి వదలకూడదు.

ఇప్పుడున్న అబ్జార్బర్లతో వచ్చిన ఇబ్బంది ఏమిటి?

పనిచేయడంలో ఇబ్బంది లేదు. దశాబ్దాలుగా నమ్మకంగానే పనిచేస్తున్నాయి. ఇబ్బందంతా పరిమాణంతోనే. 5 డిగ్రీల దగ్గర ఒక కిలో నీటి ఆవిరి సుమారు 147 ఘనపు మీటర్ల చోటు ఆక్రమిస్తుంది కనుక, దాన్ని అడ్డంకి లేకుండా నడిపించడానికి పెద్ద డొల్ల తప్పదు. ఆ డొల్లలో అడ్డంగా పేర్చిన గొట్టాల మీద ద్రావణం పలుచని తెరలా జారుతుంది. కానీ ఆ తెర అన్ని గొట్టాలనూ సమంగా తడపదు. కొన్నిచోట్ల మందంగా, కొన్నిచోట్ల చారలుగా విడిపోయి, మరికొన్నిచోట్ల గొట్టం పొడిగానే మిగిలిపోతుంది. యంత్రం కాస్త ఒరిగితే పరిస్థితి మరింత చెడుతుంది.

తెర మందం ఎందుకంత ముఖ్యమంటే, ఉపరితలం మీద కలిసిన నీరు లోపలికి చేరడానికి వ్యాపనం తప్ప వేరే దారి పెద్దగా లేదు. ఈ ద్రావణంలో నీటి వ్యాపన గుణకం సెకనుకు 10⁻⁹ చదరపు మీటర్ల స్థాయిలో ఉంటుంది. ఆ లెక్కన 100 మైక్రోమీటర్ల లోతుకు నీరు చేరడానికి పది సెకన్ల స్థాయి సమయం పడితే, 500 మైక్రోమీటర్లకు పడేది దానికి ఐదు రెట్లు కాదు, ఇరవై ఐదు రెట్లు. స్వేచ్ఛగా జారే తెర మందాన్ని మనం శాసించలేం. పొరకూ చల్లటి పలకకూ మధ్య బంధించిన కాలువలో అయితే ద్రావణం మందం 100 మైక్రోమీటర్లా, 200 మైక్రోమీటర్లా అన్నది పూర్తిగా మన చేతిలో ఉంటుంది. మెంబ్రేన్ అబ్జార్బర్‌కు అసలు బలం ఇదే అని నా అభిప్రాయం. పొర ఆవిరిని వడకడుతుందని చాలామంది అనుకుంటారు గానీ, దాని గొప్ప ఉపకారం ద్రావణాన్ని పలుచగా, చెదరకుండా, మనం చెప్పినచోట నిలబెట్టడం.

పది టన్నుల యంత్రానికి ఎంత పొర కావాలి?

ఒక టన్ను శీతలీకరణ అంటే 3.517 కిలోవాట్లు. పది టన్నులకు సుమారు 35 కిలోవాట్లు. కండెన్సర్ నుంచి వచ్చే నీరు వెచ్చగానే వస్తుంది కాబట్టి ఒక కిలో నీరు ఆవిరైతే మనకు నికరంగా దక్కే చల్లదనం 2,350 కిలోజౌళ్ల ప్రాంతంలో ఉంటుంది. కనుక సెకనుకు 15 గ్రాముల ఆవిరిని అబ్జార్బర్ పీల్చాలి.

ఇప్పుడు పొర ఎంత వదులుతుందో చూద్దాం. ఎవాపరేటర్‌లో ఆవిరి పీడనం 870 పాస్కల్స్. చల్లబరుస్తున్న ద్రావణం తన ఉపరితలం మీద చూపే ఆవిరి పీడనం 550, 600 పాస్కల్స్ ఉందనుకుంటే, మిగిలిన తేడా 300 పాస్కల్స్ దరిదాపుల్లో ఉంటుంది. గిన్నెలో మూడు సెంటీమీటర్ల ఎత్తున్న నీరు అడుగున కలిగించే ఒత్తిడి అది. యంత్రమంతా నడిచేది ఈ కొంచెపు తేడాతోనే. ఇంత తక్కువ పీడనంలో ఆవిరి అణువులు ఒకదాన్నొకటి ఢీకొనడం కన్నా రంధ్రాల గోడలను ఢీకొనడమే ఎక్కువ. ఆ సూత్రం ప్రకారం, ఒక మైక్రోమీటర్ రంధ్రాలు, 60 మైక్రోమీటర్ల మందం, 80 శాతం ఖాళీ ఉన్న మంచి పొర ప్రతి పాస్కల్‌కూ చదరపు మీటరు ద్వారా సెకనుకు 0.000015 కిలోల ఆవిరిని వదులుతుంది. మొత్తం 300 పాస్కల్స్‌నూ పొరే తినేసినా దక్కేది 0.0045 కిలోలు. కానీ ద్రావణంలోని వ్యాపనానికీ, ఆవిరి మార్గంలోని మలుపులకూ, పొరకు ఆధారంగా పెట్టిన జాలీకీ కూడా అందులోంచే వాటా ఇవ్వాలి. కాబట్టి 0.003 కిలోలు అనుకోవడం వివేకం. అప్పుడు పది టన్నులకు ఐదు చదరపు మీటర్ల పొర చాలు. దాన్ని పలకలుగా పేరిస్తే బీరువాలో ఒక అర పట్టే పరిమాణంలోకి అబ్జార్బర్ వస్తుంది.

ప్రయోగశాలలో ఇంతకన్నా మంచి ఫలితాలు వచ్చాయి. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ బృందం 2013లో ప్రచురించిన పనిలో, నానో తంతువులతో అల్లిన పొర కింద 100 మైక్రోమీటర్ల మందంతో, సెకనుకు 5 మిల్లీమీటర్ల వేగంతో సాగే ద్రావణం చదరపు మీటరుకు సెకనుకు 0.006 కిలోల దాకా ఆవిరిని పీల్చింది. అయితే వేలెడంత నమూనాలో వచ్చిన అంకె, వందల కాలువలు పక్కపక్కన పేర్చిన యంత్రంలో అలాగే వస్తుందని అనుకోకూడదు. ద్రావణం అన్ని కాలువల్లోకీ సమంగా పంచబడడం దానికదే పెద్ద సమస్య.

జనరేటర్‌లో పొర పెడితే ఇంకా తక్కువ వేడితో నడపవచ్చా?

కొంతవరకే. మరగకుండానే ఉపరితలం నుంచి ఆవిరిని లాగవచ్చు కనుక, పొరతో కూడిన జనరేటర్‌లో వేడి మూలానికీ ద్రావణానికీ మధ్య ఉండాల్సిన ఉష్ణోగ్రత తేడా తగ్గుతుంది. ద్రావణపు తుంపరలు ఆవిరితో కొట్టుకుపోయి కండెన్సర్‌లోని నీటిని ఉప్పగా చేసే బెడద కూడా తప్పుతుంది. కానీ ఉష్ణగతిక శాస్త్రం పెట్టిన గీతను ఏ పొరా చెరపలేదు. కండెన్సర్ 40 డిగ్రీల దగ్గర నడుస్తుంటే అక్కడి పీడనం 7.4 కిలోపాస్కల్స్. 57 శాతం గాఢత ఉన్న ద్రావణం ఆ పీడనాన్ని దాటి ఆవిరిని విడవాలంటే దాదాపు 80 డిగ్రీలు కావాల్సిందే. అరవై డిగ్రీల నీటితో మన వేసవిలో ఏసీ నడిపిస్తామని ఎవరైనా అంటే, ముందుగా కండెన్సర్ ఉష్ణోగ్రత ఎంతో అడగండి.

వేడి ఖర్చు తగ్గుతుందా?

దాదాపుగా తగ్గదు. ఇచ్చిన వేడిని ఒక్కసారే వాడుకునే సింగిల్ ఎఫెక్ట్ యంత్రానికి సీఓపీ (ఇచ్చిన వేడికి ఎన్ని రెట్ల చల్లదనం దక్కుతుందో చెప్పే అంకె) 0.7 ప్రాంతంలోనూ, 150 డిగ్రీలకు పైబడిన వేడితో నడుస్తూ దాన్ని రెండుసార్లు వాడుకునే డబుల్ ఎఫెక్ట్ యంత్రానికి 1.2 పైననూ ఉంటుంది. ఈ అంకెలను నిర్ణయించేది చక్రం అమరిక, పొర కాదు. అబ్జార్బర్ మెరుగుపడి ద్రావణం కాస్త ఎక్కువ నీటిని పీలిస్తే, తిరిగే ద్రావణం తగ్గి కొద్దిపాటి లాభం ఉండవచ్చు. దానికి ఎదురుగా, సన్నని కాలువల్లోంచి ద్రావణాన్ని నెట్టడానికి పంపుకు అదనపు పని పడుతుంది. పొరలు తెచ్చేది చిన్న పరిమాణం, తక్కువ లోహం, తక్కువ ద్రావణం. ఇంధన పొదుపు పేరుతో వీటిని అమ్మజూడడం సరైన పని కాదు.

ద్రావణం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుందా?

లిథియం బ్రోమైడ్ ద్రావణం 65 శాతం గాఢతకు చేరితే 40 డిగ్రీల ప్రాంతంలోనే స్ఫటికాలు కట్టడం మొదలవుతుంది. మామూలు యంత్రంలో అయితే గొట్టం పూడుకుంటే వేడి చేసి కరిగించి మళ్లీ నడుపుతారు. 100 మైక్రోమీటర్ల కాలువలో స్ఫటికం కడితే మాత్రం అది పొరను చీల్చవచ్చు, రంధ్రాల్లోకి దిగి నీటిని వికర్షించే గుణాన్ని పాడుచేయవచ్చు. అందుకని గాఢతను 60 శాతం లోపు ఉంచి, కరెంటు పోయినప్పుడు ద్రావణం దానంతట అదే పలచబడే ఏర్పాటు చేయడం మంచిది.

పొర ఎందుకు తడిసిపోతుంది? తడిస్తే ఏమవుతుంది?

ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసే ప్రశ్న ఇది. రంధ్రంలోకి ద్రావణం దిగిందంటే ఆవిరికి దారి మూసుకుపోయినట్టే. అక్కడి నుంచి అది అటువైపు కారితే ఎవాపరేటర్‌లోని శుద్ధమైన నీటిలో ఉప్పు చేరి, మరిగే ఉష్ణోగ్రత పెరిగి, చల్లదనం పడిపోతుంది.

పీడనం హద్దు దాటడం ఒక కారణం. అంతకన్నా కనిపించని కారణం రసాయనాలు. మామూలు చిల్లర్లలో, అంటే నీటిని చల్లబరిచే పాత తరహా అబ్జార్ప్షన్ యంత్రాల్లో, శోషణ వేగాన్ని పెంచడానికి 2-ఇథైల్ హెక్సనాల్ అనే ఆల్కహాల్‌ను కొద్ది మోతాదులో కలపడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అది ద్రావణం తలతన్యతను బాగా తగ్గించి, జారే తెరలో అలజడి పుట్టించి, కలయికను పెంచుతుంది. సరిగ్గా ఆ గుణమే పొరకు శత్రువు. తలతన్యత సగానికి పడితే ద్రవ ప్రవేశ పీడనమూ కనీసం సగానికి పడుతుంది. ఆల్కహాల్ పొర పదార్థాన్ని అంటుకుని స్పర్శకోణాన్ని 90 డిగ్రీల కిందికి దించితే హద్దు అన్నదే మిగలదు, ద్రావణం దానంతట అదే లోపలికి పాకుతుంది. కనుక పాత చిల్లర్ నుంచి తీసిన ద్రావణాన్ని శుద్ధి చేయకుండా మెంబ్రేన్ యంత్రంలో పోయకూడదు. పంపు సీళ్ల నుంచి, యంత్ర భాగాల తయారీలో మిగిలిపోయిన నూనె నుంచి కూడా ఇదే ప్రమాదం ఉంది.

గాలి చొరబడితే?

శూన్యంలో నడిచే ఏ యంత్రానికైనా గాలి పగవాడే. లోహం తుప్పు పట్టేటప్పుడు పుట్టే హైడ్రోజన్ కూడా అంతే. పొర ఉన్నచోట ఇది మరింత తీవ్రం. రంధ్రాల్లో గాలి నిలబడిపోతే ఆవిరి దాన్ని తోసుకుని వ్యాపనంతో వెళ్లాలి, ప్రవాహం ఒక్కసారిగా పడిపోతుంది. పాలిమర్ తుప్పు పట్టదన్న సంతోషంతో యంత్రం పెట్టెను కూడా ప్లాస్టిక్‌తో చేయాలని కొందరికి అనిపిస్తుంది. కానీ ప్లాస్టిక్ గోడల గుండా, అతుకుల గుండా గాలి నెమ్మదిగా ఇంకుతుంది. లోపలి పొర పాలిమర్, బయటి గోడ లోహం అన్న అమరికే ఇప్పటికి సురక్షితం.

ఏ పదార్థంతో చేసిన పొర మంచిది?

టెఫ్లాన్‌గా మనకు తెలిసిన పీటీఎఫ్ఈ. వేడిని, ఉప్పును తట్టుకోవడంలోనూ, నీటిని వికర్షించడంలోనూ దానికి సాటి లేదు. పీవీడీఎఫ్ అనే మరో ప్లాస్టిక్ రెండో స్థానంలో ఉంటుంది. పాలీప్రొపిలీన్ చవకే గానీ జనరేటర్ వేడికి నిలవడం కష్టం, అబ్జార్బర్‌కు పరవాలేదు.

అమ్మోనియా యంత్రాల్లో కూడా పనికొస్తుందా?

ఐసు ప్లాంట్లలోలాగా సున్నా కన్నా తక్కువ ఉష్ణోగ్రత కావాలంటే అమ్మోనియా-నీరు జంటే దిక్కు. ఇక్కడ ఎవాపరేటర్ పీడనం సున్నా డిగ్రీల దగ్గరే 4.3 బార్లు ఉంటుంది కనుక, రంధ్రాల్లో పోయే రెండు మూడు వందల పాస్కల్స్ లెక్కలోకే రావు. ఆ విధంగా పని సులువు. అమ్మోనియా కలిసిన నీటి తలతన్యత తక్కువ కావడం వల్ల తడిసే భయం ఎక్కువ. ఆ విధంగా పని కష్టం. జనరేటర్ నుంచి అమ్మోనియాతో పాటు నీటి ఆవిరి కూడా వస్తుంది కాబట్టి దాన్ని వేరుచేసే రెక్టిఫయర్ కావాలి. అమ్మోనియాను మాత్రమే వదిలే దట్టమైన పొర ఆ పని చేయగలిగితే పెద్ద మేలు.

ఇప్పుడున్న వ్యామ్‌లో పొరలు అమర్చుకోవచ్చా?

అమర్చుకోలేరు. డొల్ల, గొట్టాలు, ద్రావణం, అందులోని రసాయనాలు, అన్నీ వేరే ఆలోచనతో చేసినవి.

తీర ప్రాంతాల ఉక్కపోతలో దీనివల్ల ప్రయోజనం ఉందా?

సింగిల్ ఎఫెక్ట్ యంత్రం ఒక కిలోవాట్ చల్లదనానికి సుమారు 2.4 కిలోవాట్ల వేడిని కూలింగ్ టవర్‌లో వదలాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువై టవర్ నీరు కావలసినంత చల్లబడదు. పొర ఈ భారాన్ని తగ్గించదు. అయితే తేమ ఎక్కువున్న చోట్ల మరో దారి ఉంది. గాలికీ ఉప్పు ద్రావణానికీ మధ్య పొరను పెట్టి, గాలిలోని తేమను నేరుగా ద్రావణంలోకి లాగవచ్చు. అప్పుడు శూన్యమే అక్కర్లేదు, అంతా వాతావరణ పీడనంలోనే జరుగుతుంది, తుంపరలు గదిలోకి రావు. కొలరాడోలోని అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల ఈ తరహాలో తేమ తీసి, ఆపై నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరిచే యంత్రాన్ని రూపొందించింది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం, ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల కలిసి అయానిక్ ద్రవంతో (ద్రవరూపంలోనే ఉండే ఒక రకం ఉప్పుతో), తేమ తీస్తూనే నీటిని వేడిచేసే, ఒకవైపు గాలికి తెరిచి ఉండే చక్రాన్ని నడిపి చూశాయి. మన కోస్తాకు శూన్యంలో నడిచే యంత్రం కన్నా ముందుగా పనికొచ్చేది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మరి శూన్యంలో నడిచే మెంబ్రేన్ చిల్లర్ ఎక్కడ అక్కరకొస్తుంది?

పెద్ద కర్మాగారానికి డొల్ల-గొట్టాల యంత్రమే మేలు, అక్కడ చోటుకు కొరత ఉండదు. చిన్న సామర్థ్యం కావలసిన చోట, ఒరుగుతూ ఊగుతూ ఉండే చోట, పొరకు సాటిలేదు. ఓడల ఇంజను వేడితో కేబిన్లను చల్లబరచడం, లారీల్లో సరుకును చల్లగా ఉంచడం, ఇంటి కప్పు మీది సౌర నీటి హీటర్లతో రెండు మూడు టన్నుల ఏసీ నడపడం అలాంటివి. స్పెయిన్‌లో తరగోనాలోని రోవిరా ఇ విర్జిలి విశ్వవిద్యాలయం, మాడ్రిడ్‌లోని కార్లోస్ III విశ్వవిద్యాలయం ఇటువంటి చిన్న యంత్రాలను దృష్టిలో పెట్టుకునే అధ్యయనాలు చేస్తున్నాయి.

మా కాలేజీ ప్రయోగశాలలో దీన్ని చేసి చూడవచ్చా?

తప్పకుండా చూడవచ్చు, పెద్ద ఖర్చూ కాదు. రెండు లోహపు బిళ్లల మధ్య 5 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పున్న పీటీఎఫ్ఈ పొరను రబ్బరు రింగులతో బిగించండి. ఒకవైపు చిక్కటి లిథియం బ్రోమైడ్ ద్రావణాన్ని చిన్న పంపుతో తిప్పండి, వెనుక నుంచి చల్లటి నీటితో ఆ బిళ్లను చల్లబరచండి. రెండోవైపును స్థిరమైన ఉష్ణోగ్రత దగ్గర ఉంచిన నీటి ఫ్లాస్కుకు కలిపి, వ్యాక్యూమ్ పంపుతో రెండు వైపులా ఒకేసారి, నెమ్మదిగా గాలి మొత్తం తీసేసి, వాల్వు మూసేయండి. చదరపు మీటరుకు సెకనుకు 0.003 కిలోల చొప్పున పీల్చితే గంటకు 27 గ్రాముల నీరు ఫ్లాస్కులో తగ్గుతుంది, మామూలు ఎలక్ట్రానిక్ తూకంతోనే అది తెలిసిపోతుంది. ద్రావణం ప్రవాహ వేగాన్ని, ఉష్ణోగ్రతను మార్చి మార్చి కొలవండి. చివరగా ఫ్లాస్కులోని నీటి విద్యుద్వాహకతను చూడండి, ప్రయోగానికి ముందున్న అంకె కన్నా అది పెరిగితే పొర తడిసిందని అర్థం. ఒక్కరోజు కొలిచి ఆపకుండా, అదే పొరను వారాల తరబడి నడిపి, ప్రతిరోజూ అవే రెండు అంకెలను రాసిపెట్టండి.